సగంలో మూడో వంతు

గుణిస్తే పెరగాలి. ఎక్కాలు నాకు నేర్పింది అదే. అందుకే ఆరో తరగతిలో మా లెక్కల మాస్టారు సగాన్ని మూడో వంతుతో గుణించి ఆరో వంతు అని బోర్డు మీద రాసినప్పుడు నేను నమ్మలేదు. లవాన్ని లవంతో, హారాన్ని హారంతో గుణించమన్నారు, ఎందుకో చెప్పలేదు. ఆ లెక్కలన్నీ చేయకుండా వదిలేశాను.

"సోమవారం దాకా చూస్తాను. అప్పటికీ చేయకపోతే క్విజ్‌ జట్టులో నీ చోటు ఇంకొకరికిస్తాను," అన్నారాయన. ఉక్కునగరం బడుల మధ్య జరిగే ఆ పోటీ కోసం వేసవి నుంచీ ఎదురుచూస్తున్నాను. అయినా నమ్మనిది రాయడానికి చెయ్యి రాలేదు.

ఆదివారం మా క్వార్టర్‌ మెట్ల దగ్గర చేపల గంప దిగింది. అమ్మా, పక్కింటి అత్తయ్యా కలిసి ఒక పెద్ద వంజరం కొని చెరిసగం పంచుకోవడం అలవాటు. నేను స్కేలు తెచ్చి, పొడవు కొలిచి, సరిగ్గా నడుమ వేలు పెట్టాను.

చేపలామె నవ్వింది. "ఏటి పాపా, మద్దెకి కోసీమంటావేటి? తలకాయి మీ యమ్మకీ, తోక ఆయమ్మకీ ఇచ్చీనా? రేపట్నించి ఇద్దరూ మాటాడుకోరు!"

ఆమె ముక్కలు కోసి, ఇటొకటి అటొకటి వేస్తూ రెండు పోగులు పెట్టింది. అత్తయ్య తన పోగును మళ్ళీ మూడు చేసింది: మామయ్య బి-షిఫ్టు క్యారేజీకి, ఇంట్లో పులుసుకు, పక్క సెక్టారులోని చెల్లెలికి.

"మొత్తం చేపలో మీ చెల్లెలికెంత వెళ్తోంది అత్తయ్యా?"

"మా సగంలో మూడో వంతు. ఇంకేం అడక్కు, చింతపండు నానబెట్టాలి."

అమ్మ పోగును కూడా అలాగే మూడు చేశాను. మొత్తం ఆరు, అత్తయ్య చెల్లెలిది అందులో ఒకటి. మూడో వంతుతో గుణించడమంటే ఇదేనన్నమాట: సగాన్ని ఒక్కసారైనా పూర్తిగా తీసుకోనప్పుడు, అది తగ్గక ఏమవుతుంది?

"నీచు చేతులతో గుమ్మం ముట్టుకోకు!" అని అమ్మ అరిచింది. జ్ఞాపకం బలహీనమైన సాక్ష్యమని తెలిసినా, ఆ చేపల వాసన, ఎండకు కాలిన ఆ మెట్ల వేడి నిజంగానే గుర్తున్నాయనుకోవడం నాకిష్టం.

ఆరో వంతేనని ఇప్పుడైనా ఒప్పుకుంటావా అని సోమవారం మాస్టారు అడిగారు. "చేపలో ఒప్పుకుంటానండీ. మిగతావాటి సంగతి తెలీదు," అన్నాను. ముక్కలన్నీ సమానం కావన్న అనుమానం కూడా చెప్పాను. తరగతంతా గొల్లున నవ్వింది.

ఆయన నవ్వలేదు. ఒక దీర్ఘచతురస్రం గీసి సుద్దముక్క నా చేతికిచ్చారు. నిలువునా ఒక గీత, అడ్డంగా రెండు గీశాను. ఆరు సమానమైన గళ్ళు. సగంలో మూడో వంతు అందులో ఒకటి. ఏ వస్తువైనా ఇంతే. వదిలేసిన లెక్కలన్నీ అక్కడే చేసి చూపాను.

"పోటీకి నువ్వే వెళ్తున్నావు. కానీ అక్కడ ప్రశ్నలడిగేది వాళ్ళు తల్లీ, నువ్వు కాదు," అన్నారు మాస్టారు.