తొమ్మిది సెకన్ల పెట్టె

మా మరదలిని ఆఫీసులో చీపురు అనేవాళ్ళు. ఇతరులు రాసి వదిలేసిన ప్రోగ్రాముల్లో పేరుకున్న చెత్త ఊడ్వడమే యాభై దాటినా ఆమె పని.

"మొహం మీదే అంటారుటే?" అని మా ఆవిడ అడిగితే, "చాటుగా రాక్షసి అంటారక్కా, దానికన్నా ఇదే నయం" అంది.

ఏటి ఒడ్డున నలభై ఇళ్ళల్లో గోడకు ఒక్కో హెచ్చరిక పెట్టె ఉండేది. నీటిమట్టం కొలిచే కర్ర అందరికంటే ఎగువన, మైలు దూరంలో టైలరు ఇంటి దగ్గర ఉంది. నీళ్ళు పెరిగితే ఆయన పెట్టె మా పెట్టెకు చెబుతుంది, మాది కిందింటికి, అది ఆ కిందిదానికి. ప్రతిదీ సైరన్ మోగిస్తుంది. పెత్తనం చేసే పెద్ద కంప్యూటరంటూ ఎక్కడా లేదు. పెట్టెల్లో బ్యాటరీలు ఉబ్బి పాడైపోయి చాలా కాలమైంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ప్రతి పెట్టె తన ఇరుగుపొరుగును మళ్ళీ వెతుక్కోవాలి. అందుకు పదకొండు నిమిషాలు పట్టేది.

ఒక ఏడు ఆ పదకొండు నిమిషాల్లోనే నీళ్ళు మా వంటింట్లోకి వచ్చాయి. మోకాళ్ళు పనిచేయని మా ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టగలిగానే గాని, మేడ ఎక్కించే వ్యవధి లేకపోయింది. మర్నాడు మరదలు వచ్చి గోడ మీద బురద గీత చూసింది. ఆ పెట్టెల ప్రోగ్రామూ వాళ్ళ ఆఫీసుదే. వెళ్ళి దాన్ని బాగుచేసే పని అడిగి తీసుకుంది.

వారంలో కారణం దొరికింది. ప్రతి పెట్టెలోనూ ఇళ్ళ జాబితా ఒకటుంది. ముందు చేరిన ఇల్లు పైన, కొత్తది అడుగున. ఏ పేరూ కొట్టేయకూడదని ఆ ఆఫీసు పద్ధతి. పైనున్న తొమ్మిదీ ఏనాడో ఏట్లో కలిసిపోయిన ఇళ్ళు. పెట్టె మేలుకోగానే ముందు వాటినే పిలిచి, ఒక్కోదాని జవాబు కోసం నిమిషానికి పైగా కూర్చునేది.

"పోయినవాళ్ళకు మర్యాద చేస్తూ ఉన్నవాళ్ళను ముంచుతున్నారు బావా" అంది.

చివరిసారి మాట్లాడిన పొరుగునే ముందు పిలిచేలా మార్చింది. రెండు సెకన్లలో పలకకపోతే వదిలేయాలి. ఎవరూ పలకకపోతే అరగంట ఆగి మళ్ళీ చూడాలి. మా ఇంట్లో ప్లగ్గు పీకి పెట్టి చూసింది. తొమ్మిది సెకన్లు. అలా నలభై ఇళ్ళూ తిరిగి ఒక్కొక్కటే పీకి పెట్టింది. ఎక్కడా పదో సెకను రాలేదు.

వానలు మొదలైన కొత్తలో, ఓ మధ్యాహ్నం ఆమె మా ఇంట్లో ఉండగా ఒడ్డు పొడుగునా కరెంటు పోయి, కాసేపటికి వచ్చింది. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది.

"చూశావా అక్కా, నువ్వు ఆవులించేలోపు" అంటూ లేచి, దాని చిన్న తెర చూసి అలాగే నిలబడిపోయింది.

పొరుగు ఇళ్ళు, సున్నా.

టైలరుకు ఫోను చేసింది. అవతల సైరన్ మోత నాకూ వినిపించింది.

"ఇది గొంతు చించుకుంటోంది కదమ్మా" అన్నాడాయన. "మీది మోగట్లేదా?"

పెట్టెలన్నీ ఒకేసారి లేచాయి. ప్రతిదీ పొరుగును పిలిచే వేళకు ఆ పొరుగు ఇంకా కళ్ళు తెరుస్తోంది. రెండు సెకన్లు చూసి, తానొక్కటే ఉన్నాననుకుని ఊరుకుంది. మునుపు పోయిన ఆ తొమ్మిది ఇళ్ళ జవాబు కోసం కాచుకునే లోపల అన్నీ లేచేవి. నలభై పెట్టెలూ కలిపి ఆమె ఎన్నడూ పీకి చూడలేదు.

"బాబాయ్, ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టండి. ఇక్కడిది ఇప్పుడు మేలుకునే ఉంది, మీది పిలిస్తే పలికి కిందిదాన్ని పిలుస్తుంది."

"తీస్తే ఈ మోగేది కూడా ఆగిపోతుందేమోనమ్మా."

"తీయండి బాబాయ్."

ఆమె ఒక చేయి, నేనొక చేయి పట్టుకుని మా ఆవిడను మెట్లెక్కించసాగాం. "మెల్లగా, నేనేమన్నా బియ్యం బస్తానా" అని విసుక్కుంది. నాలుగో మెట్టు మీద ఉండగా మా పెట్టె మోగింది. మరదలు ఊపిరి వదిలింది. ఏడో మెట్టు దగ్గర కరెంటు మళ్ళీ పోయింది. మోత సగంలో తెగింది. గుమ్మంలో నీళ్ళ చప్పుడు మొదలైంది. మా దిగువన ముప్పై ఎనిమిది ఇళ్ళున్నాయి.

"బావా, కిందింటిది మోగిందా?"

"మోగిందిలే" అన్నాను.

నాకేమీ వినపడలేదు. ఆ మాట అనకపోతే ఆమె అక్క చేయి వదిలేసి వానలోకి పరుగెత్తేది. ఎక్కవలసిన మెట్లు ఇంకా ఆరున్నాయి.