బతికున్నవాళ్ల పటాలు

మా ముత్తాత పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ. ఆయన పిలిస్తే మూడు వందల మంది కూలీలు తట్టలెత్తేవారు. కామాటిపురలో మా తాతకు ఒక చాల్, వరస గదుల అద్దె మేడ, మొత్తం ఉండేది. ఆయన మెట్లెక్కుతుంటే గదుల ముందు గ్యాలరీలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఇప్పుడు అదే చాల్‌లో ఒక గదికి మేము అద్దెదారులం. అయినా నాన్న ఎవరి ముందూ నడుము వంచి ఎరగడు. ఆయన కొడుకును, నేనూ అంతే.

నేను మనుషుల ముఖాలు గీస్తాను. మావాళ్లలో పటం కట్టించేది పోయినవాళ్లకే. దినాల ముందు ఆధార్ కార్డు తెచ్చి, ‘జర నవ్వుతున్నట్టు గియ్యి’ అంటారు. విసుగొచ్చి, నిరుటి బతుకమ్మకు చాల్‌లోని పదిమందిని ఎదురుగా కూర్చోబెట్టి గీశాను. పదకొండోది నేను ప్రేమించిన మనిషిది. అతన్ని చాల్‌లో ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం అతను వస్తాడు, నాన్నకు చెప్పేస్తాను అనుకున్నాను. మాకు మిగిలింది ముత్తాత వెండి దండకడియం, పేరు. ఆ పేరు నా చేతిలో పోతుందేమో. అయినా కాళ్లు నేల మీద నిలవడం లేదు!

పటాలన్నీ గ్యాలరీలో వేలాడదీశాను. జనం విరగబడ్డారు.

"అరే, నా ముక్కు గంత ఉన్నదారా?"

"ఇంకా తగ్గించిండే అక్కా!"

ఇంతలో పక్కగది అవ్వ బంతిపూల దండతో వచ్చి పదకొండో పటం ముందు ఆగింది. "అయ్యో, పోరడు ఏక్‌దం చిన్నోడు. ఎట్ల పోయిండు బిడ్డా?" అంటూ దండ ఎత్తింది.

గభాలున చెయ్యి పట్టుకున్నాను. "అవ్వా, వద్దు! బతికే ఉన్నడు."

"మరి ఎవరు?"

"నావాడు. పెండ్లంటూ చేసుకుంటే ఈయన్నే చేసుకుంట."

గ్యాలరీ అంతా నావైపు తిరిగింది. మెట్ల దగ్గర, అప్పుడే గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి వచ్చి, అతనే నిలబడి ఉన్నాడు.

అవ్వ పటాన్నీ మనిషినీ మార్చి మార్చి చూసింది. "ముందుగాల జెప్పద్దారా దొంగ! పానం ఉన్నోన్ని పీనుగను జేస్తుంటి గద." నేరుగా వెళ్లి దండ అతని మెడలో వేసింది. ఎవరో ఈల వేశారు.

నాన్న నిటారుగా నిలబడి అడిగాడు: "ఏ ఊరోళ్లు?"

"షోలాపూర్, కాకా."

"నిలవడ్డవేంది? లోపలికి రా."

ఆ రాత్రికే ఇరవైమంది తమనూ గీయమన్నారు. మరుసటి వారం నాన్న ఆ వెండి దండకడియాన్ని ఫోరస్ రోడ్డులో అమ్మి, నాకు నూనెరంగులు తెచ్చాడు.