తాళం వేసిన వంటింట్లో గసగసాల వాసన

దయ్యాల మాట ఎత్తితే నవ్వి లేచి వెళ్ళిపోయే రకం నేను. పదో తరగతితో చదువు ఆపి, పత్తి మిల్లులో లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఎంత వింత సంగతైనా కూర్చుని లెక్క వేస్తే ఎక్కడో తేలుతుందని నా నమ్మకం. ఇది మాత్రం తేలలేదు.

మాది నకరికల్లు. పక్కింటి జోజి సైన్యంలో పనిచేసేవాడు. సెలవు ముగించుకుని వెళ్ళి డ్యూటీలో చేరిన మర్నాడే మూత్ర పరీక్ష చేసి, నల్లమందు జాడ ఉందన్నారు. కాదని మొత్తుకున్నా వినలేదు. మత్తుపదార్థం వాడాడని రాసి ఇంటికి పంపేశారు. ఆ కాగితం చూసినవాళ్ళెవరూ వాడికి వాచ్‌మన్ పని కూడా ఇవ్వలేదు. వాళ్ళమ్మ మరియమ్మక్క ఆ దిగులుతోనే పోయింది.

పునఃపరిశీలనకు అర్జీ పెట్టుకునే గడువు దగ్గరపడింది. కొత్త కారణం ఏదైనా ఉంటేనే రమ్మని, ఉత్తి బతిమాలడం పనికిరాదని నరసరావుపేట వకీలు తేల్చేశాడు. జోజి నా సాయం అడిగాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, మధ్యాహ్నం వాళ్ళ వసారాలో కూర్చున్నాం. పరీక్షలో కనబడాలంటే అది అంతకు ముందు రెండు మూడు రోజుల్లోనే ఒంట్లోకి వెళ్ళి ఉండాలి. ఆ రోజుల్లో వాడు ఇంట్లో ఉన్నాడు, తర్వాత రైల్లో ఉన్నాడు. ఎటు తిప్పినా లెక్క అక్కడే ఆగుతోంది.

"ఏదన్నా మందు వేసుకున్నావేమో గుర్తు తెచ్చుకోరా."

"లేదు బాబాయ్. వాళ్ళూ ఇదే అడిగారు. జ్వరం బిళ్ళ కూడా వేసుకోలా."

అప్పుడు వచ్చింది వాసన. గసగసాలు దోరగా వేగుతున్న వాసన. నా భ్రమేమోనని ఊరుకున్నాను. ఇంతలో వెనకింటి సుబ్బులు దడి మీంచి తొంగిచూసింది.

"ఏందిరా జోజీ, కోడికూరా? గసాలు ఘుమఘుమలాడతన్నాయి! నీకు పొయ్యి ముట్టించటమే రాదు గదరా, ఎవత్తెనన్నా తెచ్చుకున్నావా ఏంది?"

జోజి గబుక్కున లేచి పెరట్లోకి నడిచాడు.

వాళ్ళ వంటిల్లు పెరట్లో విడిగా ఉంటుంది. తల్లి పోయాక వాడు అక్క ఇంట్లోనే తింటున్నాడు. అప్పట్నించీ దానికి తాళమే. తాళంచెవి ఒక్కటే, అది వాడి మొలతాడుకే ఉంటుంది. కొబ్బరినూనె పోస్తేగాని తాళం తిరగలేదు.

లోపల పొయ్యి చల్లగా ఉంది, దాని మీద సాలెగూడు. డబ్బాలన్నీ ఖాళీ. సన్నికల్లు మాత్రం తడిగా ఉంది. అంచున తెల్లటి ముద్ద అంటుకుని ఉంది. వేలితో తీసి నోట్లో వేసుకున్నాను. గసగసాలే. శ్లాబు కారలేదు, కిటికీ జాలీ చెదరలేదు. రెండో తలుపు లేదు. వాళ్ళక్క ఆ రోజు మిరపకోతకు ముప్పాళ్ళ వెళ్ళిందని తర్వాత కనుక్కున్నాను.

జోజి సన్నికల్లు పక్కన కూలబడ్డాడు.

"రైలెక్కితే నాకు కడుపాగదు బాబాయ్. విరేచనాలు కట్టడానికని అమ్మ గసాలు వేయించి, నూరి, బెల్లంతో ఉండలు కట్టిచ్చేది. దారి పొడుగునా అయ్యే తిన్నా."

"మరి ఆ ముక్క వాళ్ళకు చెప్పలేదేందిరా!"

"మందులేం వాడావని అడిగారు. గసాలు తిండే గదా!"

మా వైపు ఏ ఇంట్లోనూ గసగసాలను మందు కింద జమకట్టరు. నల్లమందూ అవీ ఒకే మొక్కవని తెలిసి కూడా నాకు తట్టలేదు.

ఈ సంగతి వినగానే వకీలు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గసగసాలు తిన్నా ఆ పరీక్షలో అలా కనబడవచ్చని డాక్టరు రాసిచ్చాడు. ఉండలు కట్టడంలో సాయం చేసింది తనేనని అక్క ప్రమాణపత్రం ఇచ్చింది. గడువు లోపలే అర్జీ వేశాం. పాత ఉత్తర్వు పక్కన పెట్టి, విచారణ మళ్ళీ మొదటినుంచి జరపాలని పోయిన నెలలో జవాబు వచ్చింది. ఇంకా గెలవలేదు. కానీ జోజి పొద్దున్నే సాగర్ కాలువ కట్ట మీద పరుగు మొదలుపెట్టాడు.

గసగసాల సంగతి పట్టుకున్నది నేనేనని ఊళ్ళో మెచ్చుకుంటున్నారు. కాదంటే వినరు. మరి పట్టించిందెవరని అడిగితే, తాళం వేసి ఉన్న ఆ వంటింటి వైపు చూపిస్తాను.