అన్న ఎంచిన ఆఖరి రాయి

మొన్న ఆదివారం కరీంనగర్‌లో మా వీధి చివరి సెలూన్‌కు గడ్డం గీయించుకోవడానికి వెళ్ళాను. సెలూనాయన కొత్త బ్లేడును కాగితంతో సహా మధ్యకు విరిచి, ఒక ముక్కను పిడిలో బిగించాడు. నా పని అయిపోగానే దాన్ని తీసి కాళ్ళ దగ్గరి డబ్బాలో పడేశాడు. గడ్డం నున్నగానే వచ్చింది, వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ ముక్క డబ్బాలో పడిన చిన్న చప్పుడుకు మా అన్న గుర్తొచ్చాడు. అద్దంలో నా కళ్ళు చూసి సెలూనాయన, "ఏమైంది సార్, యాడన్న తెగిందా?" అని అడిగాడు. లేదని తలూపి బయటికొచ్చాను.

మా అన్న దుకాణం జమ్మికుంటలో పత్తి మార్కెట్ దగ్గర ఉండేది. ఒక కుర్చీ, ఒక అద్దం, గోడకు వేలాడే తోలుపట్టా, పటిక ముక్క, అంతే సరంజామా. సీజన్ వచ్చిందంటే పత్తి తెచ్చిన రైతులు రేటు తేలేదాకా ఏం చేయాలో తోచక అన్న కుర్చీలో కూలబడేవాళ్ళు. వాళ్ళ గడ్డాల నిండా దూది పోగులు. అన్న ముందు ఆ పోగులన్నీ ఓపికగా ఏరి, "పత్తి మీదికెల్లి గీస్తె కత్తికి కోపమొస్తది పటేలా" అంటూ అప్పుడు నురుగు పెట్టేవాడు. కుర్రకారుకు బ్లేడు వాడినా, పెద్దవాళ్ళకు మాత్రం కత్తే. బాపు పోయినప్పుడు అన్న ఎనిమిదో తరగతిలో ఉన్నాడు, నేను రెండులో. బాపు కత్తుల పొది భుజాన వేసుకుని అన్న బడి మానేశాడు. "నువ్వు పుస్తకం పట్టు తమ్మీ, కత్తి నేను పడ్త" అన్నాడట. నాకు గుర్తు లేదు, అవ్వ చెప్పేది. అట్లా అన్న కత్తి పట్టగా నేను తెలుగు పంతులునయ్యాను.

కత్తి నూరడానికి అన్న దగ్గర మూడు రాళ్ళుండేవి. ఒకటి గరుకుది, అంచుకు గండి పడితే సాపు చేయడానికి. రెండోది మధ్యరకం. మూడోది అరచేతిలో ఇమిడే నల్లటి రాయి, బాపు నాటిది. దాన్ని ఆఖరి రాయి అనేవాడు. నీళ్ళు చల్లి, కత్తిని పడుకోబెట్టి, బరువు వేయకుండా ముందుకూ వెనక్కూ నడిపేవాడు. చెవి దగ్గర పెట్టుకుని వింటే తప్ప చప్పుడు వచ్చేది కాదు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, పదునెక్కిన కత్తికి మళ్ళీ ఈ రాయెందుకని ఒకసారి అడిగాను. "మొదటి రాళ్ళు కత్తికి పదును నేర్పుతయి తమ్మీ. ఆఖరిది మర్యాద నేర్పుతది" అన్నాడు.

ఆ మర్యాద నాకే రాలేదు. కరీంనగర్‌లో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నప్పుడు అన్న రెండు రోజుల ముందే వచ్చి టెంటు కట్టించడం నుంచి నీళ్ళ డ్రమ్ములు మోయడం దాకా అన్నీ తనే చూసుకున్నాడు. భోజనాల వేళ మా హెడ్మాస్టరు, పప్పుచారు బకెట్‌తో వస్తున్న అన్నను చూసి, "ఈయన ఎవరండీ, భలే కలుపుగోలుగా ఉన్నాడు" అన్నారు. పక్కన నా తోటి పంతుళ్ళంతా ఉన్నారు. నేను కులం చెప్పకుండా కొన్నేళ్ళుగా నెట్టుకొస్తున్నాను. "మా ఊరాయన. సాయం చేద్దామని వచ్చిండు" అన్నాను. తలెత్తేసరికి అన్న నా ఎదుటే ఉన్నాడు. విన్నాడు. హెడ్మాస్టరు విస్తరి వైపు వంగి, "ఇంకింత పోయమంటరా సార్?" అని అడిగి, పోసి, తర్వాతి విస్తరికి వెళ్ళాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నా పిల్లల పెళ్ళిళ్ళకూ అందరికన్నా ముందొచ్చి చాకిరీ చేశాడు. కానీ అతిథులు దిగే వేళకు ఏదో పని చెప్పి బస్సెక్కేవాడు. ఆపాలని నేనూ గట్టిగా ప్రయత్నించలేదు.

నేను రిటైరైన మరుసటి ఏడు, తొలి వానలు పడుతున్న ఒక ఉదయం, దుకాణంలో కత్తి నూరుతుండగా అన్నకు పక్షవాతం వచ్చింది. చేతిలోని ఆఖరి రాయి సిమెంటు నేల మీద పడి రెండు ముక్కలైంది. ప్రాణం దక్కింది కానీ కుడి పక్క పడిపోయింది. మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది: "అయితది." నీళ్ళు కావాలన్నా అదే, నొప్పి పుట్టినా అదే, నేను వెళ్ళినప్పుడు పలకరింపూ అదే. మా వదిన మాత్రం ఆ ఒక్క మాటలోని పది అర్థాలూ పట్టుకునేది. "ఇప్పుడే నయం, మొదట్ల అన్నిటికి వాదం పెట్టుకునేటోడు. ఇప్పుడు అన్నిటికి ఒప్పుకుంటుండు" అని నవ్వి, అదే కొంగుతో కళ్ళు తుడుచుకునేది.

ఒక్కదానికి మాత్రం ఒప్పుకోలేదు. గడ్డం ముట్టుకోనివ్వలేదు. రోజూ తప్పకుండా గీసుకునే మనిషికి రెండు నెలల్లో తెల్లటి గడ్డం మొహమంతా కమ్మేసింది. అన్నం మెతుకులు అందులో చిక్కుకునేవి. "బ్లేడ్ పట్టుకుని ఎవలొచ్చినా గోడ దిక్కు తిరుగుతుండు. మిషన్ పెడ్తమంటె చెయ్యి ఇసిరికొడుతుండు. పరేషాన్ అయితున్న" అంది వదిన. నాకేదో తోచి దుకాణం నుంచి అన్న కత్తి తెచ్చి చూపించాను. చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో అల్మారా వైపు చూపించాడు. అందులో వదిన గుడ్డలో చుట్టి దాచిన రాయి ముక్కలున్నాయి. వాటిని తీసి ముందు పెడితే, ముక్కల మీద చెయ్యి వేసి నా మొహంలోకి చూశాడు. అట్లాంటి రాయి మీద నూరిన కత్తే కావాలని అర్థమైంది. నన్ను ఆయన ఏదైనా కోరడం నాకు తెలిసి అదే మొదటిసారి.

కరీంనగర్‌లో దొరికిన రాళ్ళ మీద నంబర్లున్నాయి. నంబరు పెరిగినకొద్దీ నునుపు అన్నారు. మార్కులు వేసి బతికినవాణ్ణి కదా, అన్నిటికన్నా పెద్ద నంబరున్న రాయి తీసుకెళ్ళాను. అన్న దాన్ని ఒక్కసారి తడిమి పక్కకు నెట్టాడు. చివరికి ఎవరో చెబితే నిర్మల్ బస్సెక్కాను. అక్కడ బజారు వెనుక సందులో కత్తెరలకూ కత్తులకూ సాన పట్టే ముసలాయన ఉన్నాడు. అందరూ చాచా అంటారు. నేను చెప్పిందంతా పని ఆపి విన్నాడు. లోపలికెళ్ళి తువ్వాలులో నాలుగు పాత రాళ్ళు కట్టుకొచ్చాడు.

"వీటిల ఏది మంచిది చాచా?" అని అడిగాను.

"అన్ని మంచియే సాబ్. మీ అన్నకు ఏది మంచిదో నాకెట్ల ఎర్కైతది? నాలుగు తీస్కపో. ఒక చెయ్యి పనిచేస్తది కదా, ఆ చేతికి పెట్టు. అదే చెప్తది. మిగిలినయి పురసత్‌గ తెచ్చియ్యి, ఫికర్ లేదు."

ముక్కూ మొహం తెలియని నన్ను నమ్మి నాలుగు రాళ్ళూ ఇచ్చి పంపాడు.

అన్నను గోడకు ఆనించి కూర్చోబెట్టి, వదిన ఇత్తడి గిన్నెలో నీళ్ళు పెట్టింది. అలవాటు కొద్దీ ఆయన ముందు కుడి బొటనవేలితో చూడబోయాడు. చెయ్యి లేవలేదు. ఎడమ చేత్తో దాన్ని ఎత్తి రాయి మీద పెట్టుకున్నాడు. ఏమీ తెలిసినట్టు లేదు. ఆ చేతిని మెల్లగా మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి తనే ఇటు తిరిగి ఎడమ చేత్తో మొదలుపెట్టాడు. ఒక్కొక్క రాయికీ నీళ్ళు రాసి, తడి ఎంతసేపు నిలుస్తుందో చూశాడు. గోటితో గీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాలుక కొసకు తాకించాడు. అద్దంలా మెరిసే ఆకుపచ్చ రాయే ఎంచుతాడనుకున్నాను. దాన్ని మొట్టమొదట పక్కన పెట్టాడు. చివరికి బూడిద రంగులో, బట్టల సబ్బు అరిగిపోయినట్టున్న రాయిని ఒళ్ళోకి లాక్కుని, "అయితది" అన్నాడు.

మిగతా మూడూ తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు చాచాకు చెప్పాను. ఆయన చేస్తున్న పని వదిలి నవ్వాడు. "పచ్చ రాయి పదును బాగ ఇస్తది సాబ్, కాని ముసలి తోలు మీద మంట లేపుతది. ఆ బూడిదది మెత్తగ పోతది. ఆయన తన మొఖాన్నే కాదు, ఇన్నేండ్లు గీసిన ముసలోళ్ళ మొఖాలన్ని యాద్ చేసుకుని ఎంచిండు."

ఇక నూరడం నా వంతు. అన్న పక్కన కూర్చునేవాడు. నేను బరువు వేస్తే ఎడమ చేత్తో నా మణికట్టు మీద తట్టేవాడు. కోణం లేస్తే మళ్ళీ తట్టేవాడు. అరవై దాటిన పంతులు పలక పట్టిన పిల్లవాడిలా దెబ్బలు తిన్నాడు. కత్తి సంగతి ముందు నా చెంపల మీదే చూసుకున్నాను. "సారూ, నీ మొఖం చూస్తె పిల్లి రక్కిందంటరు" అని వదిన పటిక అందించేది. ఇరవై రోజులకు ఒక ఉదయం అన్న తన ముంజేతి వెంట్రుకల మీద కత్తి పెట్టి చూసుకున్నాడు. తల గోడకు వాల్చి గడ్డం పైకెత్తాడు.

వేడినీళ్ళ గుడ్డ వేసి, నురుగు పెట్టి, ఎడమ చెంప గీశాను. వదిన గిన్నె పట్టుకుని నిలబడింది. కుడి పక్కకు వచ్చేసరికి చెంప జారిపోయి ఉంది. దాన్ని వేళ్ళతో పైకి పట్టుకుంటే, చర్మం ఎంత పల్చనైందో తెలిసింది. ఆ మొహాన్ని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు నోటికొచ్చేసింది. "అన్నా, ఇల్లు చొరబడ్డ నాడు సార్ల ముంగట నిన్ను మా ఊరాయన అన్న. నువ్వు ఇన్నవని నాకెర్కే. తప్పు చేసిన."

వదిన ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయింది. అన్న కళ్ళు తెరవలేదు. ఎడమ చెయ్యి వచ్చి, కత్తి పట్టుకున్న నా మణికట్టు మీద పడింది. తట్టలేదు, ఊరికే అట్లా ఉంచాడు. "అయితది" అన్నాడు. మనుషులన్నాక జరుగుతుంటుంది అన్నాడా, సర్లే అన్నాడా, ముందు గడ్డం కానీయమన్నాడా? తర్వాత వదినను అడిగాను. "అది నీతోని అన్న మాట. నన్నడుగకు" అంది.

ఆ పైన తొమ్మిది వారాలు, ప్రతి గురువారం జమ్మికుంట బస్సెక్కి గడ్డం గీశాను. పదో వారం ఆయన పోయాడు. స్నానం చేయించే ముందు కులపాయన ఒకరు కత్తి తీయబోతే, వదిన ఆపి నా వైపు చూసింది. చన్నీళ్ళతోనే తడిపి గీశాను. ఎక్కడా తెగలేదు. మార్కెట్ నుంచి వచ్చినవాళ్ళు నన్ను చూసి ఈయన ఎవరని ఒకరినొకరు అడుగుతుంటే, "తమ్ముణ్ణి, సొంత తమ్ముణ్ణి" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను. అది వినవలసిన మనిషి ఒక్కడే వినలేదు.

ఇన్నేళ్ళు మోసిన మాట చెప్పడానికి నాకు ఒక చెంప గీసేంత సేపు కూడా పట్టలేదు. కాలం నాకేమీ తక్కువ చేయలేదు. రేపు చెబుదాంలే అని ఆయన నోట మాట పోయేదాకా జరుపుకుంటూ వచ్చింది నేనే.