పడవ అడుగున పేరు

1960ల మొదట్లో మ్యూజియం ఉద్యోగిగా, ఒక బొమ్మ పడవ చేయించడానికి మద్రాసు నుంచి పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెకు వెళ్లాను. అక్కడ పోలయ్య అనే జాలరికి మచ్చుకోసం కెనడా మ్యూజియం ఫోటో ఒకటి చూపించాను. అందులో అక్కడి ఆదివాసులైన అనిషినాబే తెగవారు భూర్జ చెట్టు బెరడుతో చేసిన బొమ్మ పడవ ఉంది.

“కుట్టు చూస్తే తెలస్తాంది, నీళ్ళమీద బతికినోళ్ళే చేసినారు. ఎవురు సార్?”

“ఫోటో కింద చేసినవాళ్ళ పేరు లేదు. పడవ పొడవు మాత్రం రాశారు,” అన్నాను.

“అట్టయితే నా పేరు కాగితం మీద రాసియ్యి సార్.”

వారం తర్వాత అతనిచ్చిన పడవ అడుగున నేను రాసిచ్చిన ఆ అక్షరాలు చెక్కి ఉన్నాయి. మా పై అధికారి పడవను తిప్పి తిప్పి చూసి మెచ్చుకున్నాడు. “ఆ పేరు మాత్రం తీయించండి. జాలర్లందరి పడవలా కాక, ఎవరో ఒకడు చేసినట్టు కనిపిస్తోంది,” అన్నాడు.

పోలయ్య చాలా లోతుగా చెక్కాడు. గరుకు కాగితంతో రుద్దడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది.