మార్తమ్మ చెప్పిన మనవి

ఒక చీటీ ముక్క బరువు ఎంతుంటుంది? నేను పద్దెనిమిదేళ్ళుగా మోస్తున్నాను. పాస్టరుగారికి చెప్పలేదు. మావారికి చెప్పలేదు, ఆయన పోయారు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నా మీద జాలిపడకండి. చదివాక మీకు ఆ ఉద్దేశం ఎలాగూ ఉండదు.

పందొమ్మిదివందల యాభైల చివర, కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మావారు యార్డు ఆఫీసులో గుమాస్తా. చుట్టూ బెంగాలీలు, బిహారీలు, వాళ్ళ మధ్య శ్రీకాకుళం, విశాఖ వైపునుంచి వచ్చిన మా క్రైస్తవ కుటుంబాలు కొన్ని. గురువారం మధ్యాహ్నం ఆడవాళ్ళ కూడిక జరిగేది. దానికి నేను కార్యదర్శిని. సగం మందికి చదువు రాదు. కూడికకు ముందు ఒక్కొక్కరూ వచ్చి నా పక్కన కూర్చుని చెబితే చీటీల మీద రాసేదాన్ని. స్తుతులు ఒక పళ్ళెంలో, మనవులు ఇంకో పళ్ళెంలో. స్తుతి చదివితే అందరూ స్తోత్రం అంటారు, అంతటితో సరి. మనవి చదివితే మాత్రం ప్రార్థన ఒక్కటే చాలదు. ఎవరు వండిపెడతారు, ఎవరు ఆసుపత్రికి తోడు వెళతారు, అక్కడికక్కడే వంతులు వేసుకోవాలి. మంచి పద్ధతి. దాన్ని చెడగొట్టింది నేనే.

మార్తమ్మ యార్డులో బొగ్గు మోసేది. భర్త లేడు. ఎనిమిదేళ్ళ కూతురు, పేరు రూతు. మార్తమ్మ నల్లగా, ఎత్తుగా, వెడల్పాటి భుజాలతో ఉండేది. దేవుడు ఆ ఒంటిని కష్టం కోసమే చేశాడని అనుకునేవాళ్ళం, అదీ మెచ్చుకోలుగానే. భర్త పోయిన వారానికే ఆమె బొగ్గు తట్ట ఎత్తుకుంటే, ఎంత విశ్వాసమో చూడండి అన్నాం. ఏం తింటోందని ఎవరం అడగలేదు. ఒకసారి కూడికలో కళ్ళు తుడుచుకుంటే, నువ్వే ఇలా అయిపోతే మాలాంటివాళ్ళ గతేం కాను అని నేనే మందలించాను. మాలాంటివాళ్ళం అంటే ఎవరం? కాస్త తెల్లగా ఉండి, మూడు తరాలుగా చదువుకున్నవాళ్ళం. ప్రభువు ముందు అందరం ఒకటే. మా వంటింటి గుమ్మం దగ్గర మాత్రం కాదు. ఆమె టీ గ్లాసు పెరటి గూట్లో విడిగా ఉండేది.

ఆ చలికాలంలో మా అత్తగారు పక్షవాతంతో మంచం పట్టారు. ఎత్తాలి, పక్కకు తిప్పాలి, గుడ్డలు మార్చాలి. నా నడుము సహకరించడం లేదని అందరికీ చెప్పాను. నా నడుముకేం, రాయిలా ఉండేది. అసహ్యం, అంతే. మార్తమ్మను పిలిచి ఇది దేవుని సేవ అన్నాను. సేవ అన్నాక ఆమె ఇక కాదనలేదని నాకు తెలుసు. పొద్దున యార్డుకు వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి, మూడు నెలలు చేసింది.

ఒక గురువారం వచ్చి నా పక్కన కూర్చుంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"అమ్మగోరూ, ఈయేల నాది మనవి రాయండి. స్తుతి కాదు."

"ఏమైంది?"

"నెల్లాళ్ళ నుంచి రగతం పోతంది, ఆగట్నేదు. తట్ట ఎత్తితే కళ్ళు తిరుగుతన్నాయి. ముసిలమ్మగోరిని నాను ఎత్తనేను. ఓ పది రోజులు ఎవురైనా ఒంతులేసుకోమని రాయండి. నన్ను ఆసుపత్రికి తీసికెళ్ళమని రాయండి."

"నీకు సత్తువ లేకపోవడమేంటి మార్తమ్మా?" నవ్వాను.

"నేదమ్మా. నిజంగానే నేదు."

రాస్తానన్నాను. కలం పట్టుకుని ఆలోచించాను. ఆలోచించింది ఆమె రక్తం గురించి కాదు. ఈ చీటీ చదివితే మా ఇంటి మురికి ఎవరు కడుగుతున్నారో అందరికీ తెలుస్తుంది. వంతులు వేస్తే మొదటి వంతు ఎవరిది? కోడలిది. నాది. అప్పుడు చీటీ మీద ఇలా రాశాను: మార్తమ్మకు దేవుడిచ్చిన బలాన్ని బట్టి స్తోత్రం. రాసి, స్తుతుల పళ్ళెంలో వేశాను.

చదివిందీ నేనే. గదిలో అందరూ స్తోత్రం అన్నారు. వెనక వరసలో మార్తమ్మ తలెత్తి నన్ను చూసింది. లేచి కాదనలేదేం? రాయడం వచ్చినదాన్ని కాదని ఆమెను ఎవరు నమ్ముతారు? కాసేపటికి తనూ మెల్లగా స్తోత్రం అంది. ఆ సాయంత్రం మామూలుగా వచ్చి అత్తగారి గుడ్డలు మార్చింది. నన్నేమీ అడగలేదు. అడగనందుకు నాకు హాయిగా అనిపించింది. అవును, హాయిగానే.

రెండు వారాలకు కుళాయి దగ్గర పడిపోయింది. చేతిలో మా అత్తగారి దుప్పటి ఉంది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని ఆసుపత్రిలో డాక్టరు బెంగాలీలో మావారిని కసిరాడట. మర్నాడు పోయింది. భూస్థాపన అయ్యాక రూతును పలాస వైపు నుంచి మేనత్త వచ్చి తీసుకెళ్ళింది. వాళ్ళ ఊరి పేరు కూడా నేను అడగలేదు. భూస్థాపన నాడు సాక్ష్యం చదివింది కూడా నేనే. చివరి ఊపిరి వరకు బలంగా నిలబడిందని, ఒక్కనాడూ సాయం కోరలేదని చదివాను. రూతు ముందు వరసలో కూర్చుని విన్నది.

ఇప్పటికీ మా సంఘంలో ఏ ఆడది అలిసిపోయానన్నా మార్తమ్మ పేరే చెబుతారు. నా కూతురు బాలింతగా లేవలేక ఏడుస్తుంటే ఎవరో ముసలావిడ ఆ పేరే చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. అప్పుడైనా నోరు విప్పానా? గంజి కలుపుతూ కూర్చున్నాను. మొదట్లో దేవుణ్ణి క్షమించమని అడిగేదాన్ని. క్షమించాల్సింది ఆయన కాదని తెలిశాక అడగడం మానేశాను.

ఇంతవరకు రాసి ఒకసారి వెనక్కి చదువుకున్నాను. ఇక్కడ కూడా ఒక మాట మింగేశాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత కూడా ఆమె మాట నేను కత్తిరిస్తూనే ఉన్నాను. ఆ గురువారం లేచి వెళ్ళబోతూ ఆమె మళ్ళీ వంగి, ఇంకొకటి చెప్పింది. అదీ ఆమె మనవిలో భాగమే. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"ఇంకోటి కూడా రాయండమ్మా. నాకు ఏడవాలనుంది. ఏడిస్తే నన్ను ఎవురూ ఏటీ అనకండి."

రాశాను. చెయ్యి కాస్త తేలికపడింది, అంతకుమించి ఏమీ కాలేదు. ఎవరూ స్తోత్రం అనకండి.