వ్యాసం కింద నాలుగు లైన్లు

మీసం నల్లగానూ తెలివి పచ్చిగానూ ఉన్న ఆ రోజుల్లో నాకు చేసిన పని కన్నా చెప్పుకునే పని ఎప్పుడూ పెద్దదిగా కనబడేది. ఇప్పటికీ అట్లాగే కనబడుతుందని మా ఇంటావిడ అంటుంది, అది వేరే సంగతి. పిల్లలు వ్యాసం రాసిన తర్వాత దాని కిందనే, ఎక్కడ తడబడ్డాను, ఎందుకు తడబడ్డాను, ఇంకోసారి రాస్తే ఏం మారుస్తాను అని నాలుగు లైన్లు రాసుకునే పద్ధతి ఒకటుంది. దాన్ని ఈ నెల్లూరు తీరానికి మోసుకొచ్చినవాణ్ణి నేనేనని రిటైరైన తర్వాత మూడు సన్మాన సభల్లో చెప్పాను. (రెండు సభలు. మూడోది మా తోడల్లుడి షష్టిపూర్తి. అక్కడ మైకు ఖాళీగా ఉంటే అందుకున్నాను.) ఆ పద్ధతి నాది కాదు. అది వచ్చిన రోజున దాన్ని ఎట్లా తప్పించుకోవాలా అని ఆలోచించినవాళ్లలో మొదటివాణ్ణి నేను.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక జాలరుల పాలెంలో నా మొదటి ఉద్యోగం. తెలుగు అయ్యవారిని. వయసు ఇరవై నాలుగు. మా హెడ్‌మాస్టరును ఊరంతా పెద్దసారు అనేది. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేది, చదివేటప్పుడు మాత్రం తీసి జేబులో పెట్టుకునేవాడు. చేరిన వారానికే నన్ను పిలిచి ఆ నాలుగు లైన్ల సంగతి చెప్పాడు. "పిల్లకాయ రాసింది నువ్వు దిద్దితే నీ చెయ్యి బాగుపడతాది అబ్బయా. వాడే ఎనక్కి తిరిగి చూసుకుంటే వాడి చెయ్యి బాగుపడతాది" అన్నాడు. నేను తల ఊపాను. అంతటితో వదిలితే బాగుండేది. "నువ్వు గూడా రాయాల. పాఠం అయినాక యాడ చెప్పలేకపోయినావో నాలుగు లైన్లు. దానికో నోటుబుక్కు పెట్టు" అన్నాడు. ముప్పై రెండు మంది పిల్లలు, మనిషికి నాలుగు లైన్లు, నాలుగుంపావుకు నా బస్సు. లెక్క ఎటు నుంచి వేసినా కుదరలేదు.

తెలివిగలవాడికి దారులు ఎప్పుడూ ఉంటాయి. పదో తరగతికి 'సముద్రం' అనే వ్యాసం నేనే చెప్పి రాయించాను. నీలి కెరటాలు, వెండి నురగలు, ఉదయభానుడు, ఎక్కడా లోటు చేయలేదు. ఆ కింద నాలుగు లైన్లు కూడా నల్లబల్ల మీద నేనే రాసిపెట్టాను: 'ఈ వ్యాసమున నేను ఉపమానములు తక్కువగా వాడితిని. ఇకముందు జాగ్రత్త వహింతును.' ముప్పై రెండు మందీ ఒకేచోట తడబడి, ఒకే విధంగా జాగ్రత్త వహించారు. ఇక నా నోటుబుక్కు అంటారా, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని మూడు నెలలకు సరిపడా నింపేశాను, ముందు తేదీలు వేసి మరీ. అనుమానం రాకుండా రెండు రంగుల ఇంకులు వాడాను. అంత కష్టం రోజూ పడి ఉంటే నిజంగానే గొప్ప అయ్యవారినయ్యేవాణ్ణి.

ముప్పై రెండు మంది అన్నాను. ముప్పై ఒక్కరు. మూడో బెంచీలో ఒక పిల్ల ఉండేది. మాట తక్కువ, రాత పెద్దది. వ్యాసం నేను చెప్పినట్టే రాసింది గానీ బల్ల మీది లైన్లు ఎక్కించుకోలేదు. వాటి బదులు ఇట్లా రాసింది: 'సారు చెప్పినట్టే రాసినా. మా ఊరి సముద్రం అట్ట ఉండదు. వానల్లో మడ్డిగా ఉంటాది. మా నాయన ఆ రంగు చూసే వల ఎయ్యాల్నా వద్దా అని చెప్తాడు. అది రాయాలనుకున్నా. యాడ మొదలుపెట్టాల్నో తెలీలా.' ముప్పై నాలుగేళ్ల సర్వీసులో పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నల్లో అంత మంచిది మళ్లీ రాలేదు. నేను దాని మీద అడ్డంగా ఎర్రగీత కొట్టి, 'అడిగినది మాత్రమే రాయుము' అని రాశాను.

మధ్యలో తుఫాను వచ్చి పోయింది. ఆ తర్వాత వారం పెద్దసారు నా నోటుబుక్కూ పిల్లల పుస్తకాలూ తెప్పించుకున్నాడు. ముందు పైన ఉన్న పుస్తకం తెరిచాడు. అది చివరి బెంచీలో ఒక పొడుగాటి వాడిది. వాడు వ్యాసం రాయనే లేదు, పేజీ అంతా తెల్లగా వదిలేసి కింద మాత్రం ఉపమానములు తక్కువగా వాడితిని అని ముత్యాల్లా రాసిపెట్టాడు. "నిజమే చెప్పినాడు" అన్నాడు పెద్దసారు. తర్వాత నా నోటుబుక్కు తీసి ఒక తేదీ మీద వేలు పెట్టాడు.

"ఈ రోజున పాఠం చెప్పినావా అబ్బయా?"

"చెప్పినాను సార్."

"పిల్లలు ఉత్సాహముగా పాల్గొనిరి అని ఉండాదే."

"అవును సార్. చాలా ఉత్సాహంగా."

"ఆ రోజు తుఫాను గదా. పాలెం పాలెమంతా ఈ గదుల్లోనే ఉన్నింది. నేను గంజి పోయిస్తా ఉన్నా. దేంట్లో పాల్గొన్నారు, గంజి తాగేదాంట్లోనా?"

పై అధికారులకు రాస్తాడేమో, ఉద్యోగం పోతుందేమో అని భయపడ్డాను. ఆయన అట్లాంటివేమీ చేయలేదు, అంతకన్నా ఘోరమైనది చేశాడు. మర్నాడు నన్ను పదో తరగతిలో బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్లలతో పాటు 'సముద్రం' మళ్లీ రాయమన్నాడు. రాసిన తర్వాత పుస్తకాలు మార్పించాడు. నాది మూడో బెంచీకి పోయింది. ఆ పిల్ల రెండుసార్లు చదివింది, పెన్సిలు కొరికింది, కింద ఏదో రాసింది. పెద్దసారు దాన్ని పైకి చదివాడు: 'సార్, మీరు సముద్రం కాడికి ఎప్పుడన్నా వచ్చినారా?'

తరగతి పగలబడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే నేను వెళ్లలేదు. ఆ బడికి వచ్చి ఐదు నెలలు, కిటికీ లోంచి హోరు వినబడుతూనే ఉంటుంది, బూట్లలోకి ఇసుక పోతుందని ఒక్కసారి కూడా అటు నడవలేదు.

ఆ సాయంత్రం బస్సు వదిలేసి ఒడ్డుకు పోయాను. (పశ్చాత్తాపంతో పోయానని సభల్లో చెబుతుంటాను. బస్సు అప్పటికే వెళ్లిపోయింది.) నీళ్లు మడ్డిగానే ఉన్నాయి. ఆ తర్వాత రెండు నెలలు, ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు, నేను నిజంగా పని చేశాను. పిల్లల నాలుగు లైన్లు చదివితే పాఠం ఎక్కడ చెడిందో తెలిసిపోయేది. సగం మంది మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతున్నారని వాళ్లు రాసుకుంటే గదా నాకు తెలిసింది. నా నోటుబుక్కులో మొదటి నిజమైన లైను 'ఈ రోజు నేనే ఎక్కువ మాట్లాడాను' అని. ఆ మూడో బెంచీ పిల్ల అయితే వారం వారం మారిపోయింది. ఒకసారి వాళ్ల నాయన నీటి రంగు చూసే తీరు మీదే వ్యాసం రాసి, కింద ఇట్లా రాసుకుంది: 'మొదటి పేరా కొట్టేసినా. నా అసలు మాట రెండోదాంట్లో ఉండాది. ఈసారి ఆడనే మొదలుపెడతా.' ఆ సంగతి శిక్షణ కాలేజీలో ఏడాది చదివినా నాకు తెలియలేదు. పెద్దసారు ఆ పేజీని చాలాసేపు చూసి, "ఈ పిల్ల రాస్తాదిరా" అన్నాడు. నన్ను 'రా' అనడం అదే మొదటిసారి. అది నాకు ఇచ్చిన బహుమతి అనుకున్నాను.

సంక్రాంతి దాటాక ఆయనకు బదిలీ అయింది. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయి. కొత్తగా వచ్చినాయన ఫలితాలు తప్ప వేరే మాట ఎత్తేవాడు కాదు. నేను ఒక్క రోజు కూడా పోరాడలేదు. బజారులో గైడు కొని తెచ్చి, ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు అని బట్టీ మొదలుపెట్టించాను. మూడో బెంచీ నుంచి ఆ పిల్ల లేచి నిలబడింది.

"కింద ఆ నాలుగు లైన్లు రాయొద్దా సార్?"

"పరీక్షలో దానికి మార్కుల్లేవు అమ్మే. వాటి జోలికి పోబాక."

"మా నాయనది రాసింది గూడా?"

"అదీ రాయబాక. గైడులో ఉండేది రాయి."

"సరే సార్" అని కూర్చుంది. ఏడవలేదు, అలగలేదు. పుస్తకం మూసి గైడు తెరిచింది. మంచి మార్కులతో పాసైంది. తెలుగులో తాలూకా ఫస్టు అని నేను ఊరంతా చాటాను. (ఫస్టు కాదు. బాగా వచ్చాయి.)

పోయిన నెల అల్లూరులో ఒక పెళ్లికి పోయాను. భోజనాల దగ్గర నెరిసిన జుట్టు ఆడమనిషి ఒకామె వచ్చి, వద్దు వద్దంటున్నా వంగి కాళ్లకు దణ్ణం పెట్టింది. ఎంగిలి చేత్తో ఆశీర్వదించే తీరు తెలియక నేను విస్తరాకు ముందు ఇబ్బందిపడుతూ ఉంటే, "మూడో బెంచీ సార్" అంది. పక్క ఊళ్లో టీచరమ్మ అట, మరో రెండేళ్లలో రిటైరవుతుందట.

"ఏమన్నా రాస్తుంటావా అమ్మా?" అని అడిగాను.

"ఏం రాసేది సార్, రిజిస్టర్లు తప్ప" అని నవ్వింది. తర్వాత పక్కనున్న తన కూతురుతో చెప్పింది, "ఈ సారు లేకపోతే నేను పాసయ్యేదాన్ని గాదు మే. నేనేందో పిచ్చి రాతలు రాసుకుంటా ఉంటే మాన్పించి, బట్టీ పట్టించినాడు. నా పిల్లకాయలకు గూడా నేను అదే చెప్తుండా."

కూతురు కూడా దణ్ణం పెట్టింది.

ఆ తర్వాత నేను లేచి, ఆమె చెయ్యి పట్టుకుని, "అవి పిచ్చి రాతలు కాదమ్మా, పిచ్చి నాది. నీ పిల్లలను రాసుకోనీ" అని చెప్పానని ఇక్కడ రాశాను. రాసి, మళ్లీ చదివి, ఇదిగో మీ కళ్ల ముందే ఒప్పుకుంటున్నాను. నేనా మాట అనలేదు. "చల్లగా ఉండండి" అని పెరుగు వేయించుకున్నాను. పెరుగు గట్టిగా, చాలా బాగుంది.

ఆదివారం అల్లూరు బస్సెక్కి పోయి ఆ మాటేదో చెప్పి వస్తానన్నాను. మా ఇంటావిడ కూర తరుగుతూ, "మోకాళ్లు నొప్పులన్నారు గదా" అంది. ఆ నొప్పులు కూడా కాస్త పెంచి చెప్పినవేనని ఆమెకు ఎట్లా చెప్పడమా అని ఆలోచిస్తూ, నాలో నేను నవ్వుకుంటూ, చొక్కాకు ఇస్త్రీ పెట్టుకుంటున్నాను.